ప్లాట్‌లో చెట్లు పెరిగి అడవైపోయిందా? మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లలో కొట్టడానికి అనుమతి ఇలా తీసుకోండి

ధర్మాబాద్, దెగ్లూర్, కిన్వట్, రాజురా, సిరోంచ వైపు మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. "ప్లాట్ కొని ఏళ్లకేళ్లు వదిలేశాం. ఇప్పుడు ఇల్లు కడదామంటే లోపలికి పోయే సందు లేదు. వేపలు, తుమ్మలు, సుబాబుల్ ఏపుగా పెరిగాయి. ప్లాట్ మాదే, చెట్లూ మావే. కొట్టడానికి ఇంకొకరిని అడగాలా?"

అడగాలి. చెట్టు మీదే, కలప కూడా చాలావరకు మీదే. కానీ గొడ్డలి వేసే ముందు రాతపూర్వక అనుమతి ఉండాలి. ఎవరిని అడగాలి, ఏం చూపించాలి అన్నది ప్లాట్ పట్నం హద్దులో ఉందా, గ్రామపంచాయతీలో ఉందా అన్నదాన్ని బట్టి మారుతుంది. తెలంగాణలో ఇల్లు కట్టిన అనుభవం ఇక్కడ పనికిరాదు. నది దాటితే చట్టం వేరు, ఆఫీసు వేరు, అర్జీ రాసే భాష కూడా వేరు.

ఇంకో మాట మొదట్లోనే చెప్పాలి. ఈ పని తొందరగా, తక్కువ ఖర్చుతో అయ్యేది ఆఫీసులో ఎవరో తెలిసినవాళ్లు ఉండటం వల్ల కాదు, కొట్టాల్సిన చెట్ల జాబితా చిన్నగా ఉండటం వల్ల. ఎందుకో 5వ మెట్టు దగ్గర లెక్కతో చూపిస్తాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొత్తగా తీసిన సాత్‌బారా, అంటే 7/12 భూమి రికార్డు నకలు. సిటీ సర్వే అయిన ప్రాంతమైతే ప్రాపర్టీ కార్డు.
- రిజిస్టర్ అయిన ఖరీదు పత్రం, మీ పేరు ఎక్కినట్టు ఫెర్‌ఫార్ (మ్యుటేషన్) నకలు
- ఎన్.ఏ. ఆర్డర్ (వ్యవసాయేతర వాడకానికి ఇచ్చిన అనుమతి), లేఅవుట్ మ్యాప్. అందులో మీ ప్లాట్ నంబర్ కనబడాలి.
- మోజణీ నకాశా, అంటే భూమి అభిలేఖ్ ఆఫీసు కొలిచి ఇచ్చిన పటం
- ఇంటి ప్లాన్. మంజూరు కాకపోయినా ఇంజినీరు గీసి సంతకం పెట్టింది ఉండాలి.
- ఇంటి పట్టీ లేదా ప్లాట్ పన్ను రసీదు, ఆధార్ నకలు
- ఉమ్మడి పేర్ల మీద ఉంటే మిగతావాళ్ల సమ్మతి పత్రం. మీరు హైదరాబాద్‌లోనో నిజామాబాద్‌లోనో ఉండి ఇక్కడ బంధువు తిరుగుతుంటే అతని పేరున అధికార పత్రం.
- కొలత టేపు, గేరు లేదా పెయింటు, ఫోటోలు తీయడానికి ఫోన్

1. ప్లాట్ ఎవరి పరిధిలో ఉందో తేల్చుకోండి

ధర్మాబాద్, దెగ్లూర్, కిన్వట్, రాజురా, బల్లార్‌పూర్ లాంటి నగర్ పరిషత్ ఊళ్లలోనూ, చంద్రపూర్ లాంటి మహానగర పాలికలోనూ వర్తించేది నగర ప్రాంతాల వృక్ష సంరక్షణ చట్టం, 1975. ఇక్కడ జాతితో పని లేదు. వేపైనా, తుమ్మైనా, సుబాబుల్ అయినా చెట్టు చెట్టే. అర్జీ వృక్ష అధికారి పేరున ఇవ్వాలి. నగర్ పరిషత్‌లో ఆ టేబుల్ ఎవరిదో ఆవక్-జావక్ (వచ్చే, పోయే కాగితాల) గుమాస్తాను అడిగితే చెబుతాడు. సిరోంచ లాంటి నగర్ పంచాయత్ ఊళ్లలో ఉన్నవాళ్లు కూడా మొదట నగర్ పంచాయత్ ఆఫీసులోనే అడగండి.

గ్రామపంచాయతీ పరిధిలో వర్తించేది 1964 నాటి చెట్ల నరికివేత నియంత్రణ చట్టం. ఇది జాబితాలో ఉన్న జాతులకే వర్తిస్తుంది: టేకు, మామిడి, చింత, ఇప్ప, నేరేడు, పనస, కరక్కాయ, సండ్ర, గంధం, నల్లమద్ది, ఏగిస మొదలైనవి. వీటికి దారి వనపరిక్షేత్ర అధికారి ఆఫీసు, అంటే మనవాళ్లు రేంజ్ ఆఫీస్ అనేది. ప్లాట్‌లో జాబితాలో లేని వేప, తుమ్మ మాత్రమే ఉన్నా తలాఠీకి (గ్రామ రెవెన్యూ ఉద్యోగికి), రేంజ్ ఆఫీసుకు ఒక చీటీ రాసిచ్చి పోచ్, అంటే అందినట్టు ముద్ర వేసిన ప్రతి తీసుకోండి. కలప ట్రాక్టర్ రోడ్డెక్కినప్పుడు మొదట అడిగేది ఆ కాగితమే.

ఇక్కడ ఎక్కువమంది పడే పొరపాటు ఒకటుంది. సర్పంచ్ సంతకంతో గ్రామపంచాయతీ ఇచ్చే నాహరకత్ (అభ్యంతరం లేదనే) పత్రాన్ని అనుమతి అనుకుంటారు. అది మీ అర్జీకి జత చేయడానికి పనికొచ్చే కాగితమే, చెట్టు కొట్టే హక్కు ఇచ్చేది కాదు.

2. సాత్‌బారాను అక్షరం అక్షరం చదివించుకోండి

మరాఠీ రాకపోతే వచ్చినవాళ్లతో చదివించండి. మూడు చోట్ల ఆగాలి.

ఒకటి, భూమి రకం. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో పాత రికార్డుల్లో "ఝుడ్పీ జంగల్" (పొదల అడవి) అని రాసి ఉంటే అక్కడితో పని ఆపండి. తూర్పు విదర్భ ఝుడ్పీ జంగల్ భూములను అడవిగానే చూడాలని సుప్రీంకోర్టు 2025 మే 22న తీర్పు ఇచ్చింది. ఆ భూమి మీద చెట్టు కొట్టడం మీకూ నగర్ పరిషత్‌కూ మధ్య తేలే సంగతి కాదు, 1980 అటవీ సంరక్షణ చట్టం దాకా పోతుంది. లేఅవుట్ వేసినవాడు ఏం చెప్పినా సరే, పాత సర్వే నంబర్ రికార్డు కూడా తీయించి చూడండి. మంచి వకీలుతో మాట్లాడకుండా ఒక్క కొమ్మ కూడా ముట్టుకోవద్దు.

రెండు, భోగవటాదార్ (భూమి అనుభవదారు) వర్గం. వర్గం 2 అని ఉంటే ఆ భూమి మీద ప్రభుత్వ షరతులున్నాయి. చెట్ల కంటే ముందు తహసీల్‌లో ఆ సంగతి తేల్చుకోవాలి.

మూడు, ఖాతాదారు ఆదివాసీ అయితే చెట్ల అమ్మకానికి 1969 నాటి ప్రత్యేక చట్టం ఉంది. కాంట్రాక్టర్లు కారుచౌకగా టేకు, ఇప్ప కొట్టుకుపోకుండా కాపాడటానికి వచ్చిన చట్టమది. సిరోంచ, అహేరి, కిన్వట్ వైపు గోండు, కొలాం కుటుంబాలకు ఇది నిజంగా అండ. అమ్మకం కలెక్టర్ ఆఫీసు మీదుగా సాగాలి. ఆ దారి పొడవని ఎవరైనా తెల్లకాగితం మీద వేలిముద్ర వేయమంటే వేయొద్దు.

3. పొదలు తీయండి, చెట్టును తాకకండి

చెట్లు లెక్కపెట్టాలంటే ముందు లోపలికి దారి కావాలి. లంటానా, గడ్డి, ముళ్ల కంప కొడవలితో తీయించండి. బూట్లు, కర్ర లేకుండా ఎవరినీ దింపొద్దు. ఇన్నాళ్లు పడావు పడ్డ ప్లాట్‌లో పాములు ఉంటాయన్న లెక్కతోనే దిగాలి.

రెండు పనులు మాత్రం అస్సలు చేయొద్దు. నిప్పు పెట్టొద్దు. 1975 చట్టంలో చెట్టు కొట్టడం అంటే నరకడమొక్కటే కాదు. కాల్చినా, ఏ రకంగా దెబ్బతీసినా అదే లెక్క. చెట్టు మొదలు దగ్గర బెరడు చుట్టూ చెక్కి వదిలేయడం, యాసిడ్ పోయడం కూడా అందులోకే వస్తాయి. "ఎండిపోయింది సార్" అంటే తనిఖీకి వచ్చినవాళ్లు నమ్మరు, చెక్కిన గాటు కళ్ల ముందే కనబడుతుంది.

రెండోది, జేసీబీ. ప్లాట్ చదును చేయడానికని పిలుస్తారు, అది గంటలో పది చెట్లను వేళ్లతో లేపేస్తుంది. తర్వాత ఏ చెట్టు ఎంత లావుందో, అసలు ఏ జాతో చెప్పే ఆధారం మీ దగ్గర ఏమీ మిగలదు. అనుమతి కాగితం చేతికొచ్చేదాకా జేసీబీని ప్లాట్ గేటు దాటనివ్వొద్దు.

4. ప్రతి చెట్టుకూ నంబర్, కొలత, ఫోటో

ఈశాన్యం మూల నుంచి మొదలుపెట్టి వరసగా నంబర్లు వేయండి. గేరుతోనో పెయింటుతోనో రాయండి. మేకు కొట్టొద్దు, బెరడు గీకొద్దు.

చుట్టుకొలత చెట్టు మొదలు దగ్గర కాదు, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీయాలి. అంటే సుమారు నాలుగున్నర అడుగులు. ఆ ఎత్తుకు ఒక కర్ర కోసుకుని చెట్టు పక్కన నిలబెడితే ప్రతిసారీ ఒకే ఎత్తులో టేపు పడుతుంది. ఆ ఎత్తు కంటే కింద రెండుగా చీలిన చెట్టుకు రెండు కొమ్మల కొలతా విడివిడిగా రాయండి.

కాగితం మీద నంబర్, జాతి, చుట్టుకొలత, ఉజ్జాయింపు ఎత్తు, ప్లాట్‌లో ఎక్కడుంది, స్థితి ఎలా ఉంది అని గళ్లు గీసుకోండి. ఒక్కో చెట్టుకు రెండు ఫోటోలు: నంబర్ కనబడేలా దగ్గర నుంచి ఒకటి, మొత్తం చెట్టు కనబడేలా దూరం నుంచి ఒకటి. ఎండినవి, తొర్ర పడినవి, పక్కింటి మీదికి ఒరిగినవి ఉంటే ఆ సంగతి కనబడేలా ఇంకో ఫోటో తీయండి.

జాతి పేర్లు మరాఠీలో రాయాలి కాబట్టి చిన్న పట్టీ ఇస్తున్నాను. వేప కడూనింబ్, తుమ్మ బాభూళ్, టేకు సాగవాన్, చింత చించ్, మామిడి ఆంబా, ఇప్ప మోహ్, నేరేడు జాంభూళ్, కానుగ కరంజ్, రావి పింపళ్, మర్రి వడ్, మేడి ఉంబర్, సండ్ర ఖైర్. మద్ది దగ్గర జాగ్రత్త. నల్లమద్ది ఐన్, తెల్లమద్ది అర్జున్. 1964 జాబితాలో ఉన్నది ఐన్. మనం రెండింటినీ మద్ది అనే అంటాం కాబట్టి బెరడు చూసి రాయండి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది, తెల్లమద్దిది నున్నగా, లేత బూడిద రంగులో ఉంటుంది.

గంధం చెట్టు కనబడితే ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. నేరుగా రేంజ్ ఆఫీసుకు చెప్పండి. దొంగలు మీకంటే ముందే వస్తారు.

5. ప్లాన్ మీద చెట్లు గుర్తుపెట్టి జాబితా తగ్గించండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

ఇంటి ప్లాన్ తీసుకుని, నంబర్ వేసిన ప్రతి చెట్టునూ దాని మీద చుక్కగా పెట్టించండి. చుట్టూ ఎలాగూ ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో పడే చెట్లను, ప్రహరీ గోడకు అడ్డం రాని వాటిని జాబితాలో నుంచి తీసేయండి. మెట్లు, బోరు, సెప్టిక్ ట్యాంక్ నాలుగడుగులు జరిపితే మిగిలే చెట్లుంటాయి, ఇంజినీరును అడగండి. పడమటి వైపున్న వేపను నిలబెడితే ఏప్రిల్, మే నెలల్లో చంద్రపూర్ ఎండకు ఆ గోడ కాలకుండా ఉంటుంది. ఆ నీడ మళ్లీ రావాలంటే పదిహేనేళ్లు పడుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 1975 చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం, కొట్టిన చెట్టు వయసు ఎన్నేళ్లో అన్ని మొక్కలు నాటాలి. 12 ఏళ్ల చెట్లు 5 కొడితే 60 మొక్కలు. అవి కూడా ఆరు నుంచి ఎనిమిది అడుగుల ఎత్తున్నవి నాటి, ఏడేళ్లు బతికించి చూపాలి. నాటలేని చోట చెట్ల విలువ కట్టి డబ్బు తీసుకునే ఏర్పాటు ఉంది. 50 ఏళ్లు దాటిన చెట్టు వారసత్వ వృక్షం కిందికి వస్తుంది, దాన్ని కొట్టనివ్వడం చాలా కష్టం. కాబట్టి జాబితాలో నుంచి తగ్గిన ఒక్కో చెట్టూ మీకు పది, పదిహేను మొక్కల భారం తగ్గిస్తుంది.

వయసు ఇంత ముఖ్యం కాబట్టి దానికి ఆధారం మీరే చూపండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు కనబడతాయి. మీ ప్లాట్ ఏ ఏడాది దాకా ఖాళీగా ఉందో చూసి ఆ చిత్రాన్ని తేదీతో సహా ప్రింట్ తీసి జత చేయండి. లేకపోతే లావు చూసి అంచనా వేస్తారు. సుబాబుల్ లాంటి తొందరగా లావెక్కే చెట్టుకు ఆ అంచనా ఎక్కువ పడే ప్రమాదం ఉంది.

చిన్న చెట్లయితే వేళ్లతో తీసి వేరే చోట నాటడానికి అడగొచ్చు. వానాకాలం మొదట్లో వేప, కానుగ, రావి బాగానే నిలదొక్కుకుంటాయి. దీనికీ అర్జీలోనే రాయాలి. కొమ్మలు మాత్రమే అడ్డమైతే కొమ్మలు కొట్టడానికే అడగండి.

6. అర్జీ రాయడం

మరాఠీలో, ఒక పేజీలో ముగించండి. తహసీల్ దగ్గర అర్జీలు రాసేవాళ్లు ఉంటారు, కానీ విషయం మీరు చెప్పాలి. పేరు, చిరునామా, ఊరు, గట్ నంబర్ (సాత్‌బారాలో ఉండే భూమి నంబర్) లేదా సిటీ సర్వే నంబర్, ప్లాట్ నంబర్, విస్తీర్ణం. ప్లాట్‌లో మొత్తం చెట్లు ఎన్ని, వాటిలో ఎన్ని ఉంచుతున్నారు, ఎన్నిటికి అనుమతి అడుగుతున్నారు. ఒక్కోదానికి కారణం: పునాది మీద ఉంది, ప్రవేశ దారిలో ఉంది, ఒరిగి ప్రమాదంగా ఉంది. బదులుగా మొక్కలు ఎక్కడ నాటుతారు.

"ప్లాట్‌లో ఉన్న అన్ని చెట్లు తొలగించడానికి" అని ఎప్పుడూ రాయించొద్దు. అలా రాసిన అర్జీకి ఎంత మంచి అధికారైనా ముందు కొర్రీ వేస్తాడు. "17 చెట్లలో 11 ఉంచుతూ 6 తొలగించడానికి" అని రాసిన అర్జీ చదివినవాడికి మీరు పని చేసుకొచ్చారని తెలుస్తుంది.

7. ఇవ్వడం, ఎదురుచూడటం

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఆవక్ నంబర్, తేదీ, ముద్ర వేయించుకోండి. ఆ పోచ్ లేకపోతే మీరు అర్జీ ఇవ్వనట్టే. ఫీజు, డిపాజిట్ ఎంతైనా రసీదు మీద మాత్రమే కట్టండి.

పట్నంలో అయితే వృక్ష అధికారి వచ్చి చూస్తాడు, చెట్టుకు నోటీసు అంటిస్తారు, పేపర్లో ప్రకటన వేస్తారు, అభ్యంతరాలు వింటారు. నిర్ణయానికి చట్టం పెట్టిన గడువు 60 రోజులు. అనుమతి ఇచ్చాక కూడా 15 రోజులు ఆగాలి. అంటే కొట్టే రోజు నుంచి వెనక్కి మూడు నెలలు లెక్కేసుకుని అర్జీ ఇవ్వాలి. మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చాక అర్జీ పెట్టుకోవద్దు. చెట్టుకు అంటించిన నోటీసును వాన తడిపినా, పిల్లలు చింపినా వెంటనే ఆఫీసుకు చెప్పి, ఫోటో తీసి ఉంచండి.

గడువు దాటినా జవాబు రాకపోతే మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోవద్దు. పాత ఆవక్ నంబర్ వేసి స్మరణ పత్రం (గుర్తుచేసే అర్జీ) ఇవ్వండి, దానికీ పోచ్ తీసుకోండి.

పల్లెల్లో ఫారెస్టర్ వచ్చి పంచనామా చేస్తాడు. ప్లాట్ అడవి హద్దుకు ఆనుకుని ఉంటే హద్దుల కొలత మళ్లీ అడుగుతారు, మోజణీ నకాశా అప్పుడు అక్కరకొస్తుంది. అనుమతించిన టేకు చెట్లకు సుత్తి గుర్తు వేస్తారు. తనిఖీ రోజు మీరుగానీ మీ మనిషిగానీ తప్పక ఉండండి. నంబర్లు చూపించడం, ఉంచే చెట్లేవో చెప్పడం కాంట్రాక్టర్‌కు వదలొద్దు.

8. ఆర్డర్ చేతికొచ్చాక సరిచూసుకోండి

గట్ నంబర్, ప్లాట్ నంబర్ మీవేనా? జాతి, సంఖ్య మీ జాబితాతో కలుస్తున్నాయా? చెల్లుబాటు తేదీ ఎప్పటిదాకా? ఎన్ని మొక్కలు, ఎక్కడ, ఎప్పటిలోగా నాటాలి? సంతకం, జావక్ నంబర్ ఉన్నాయా? ఒక్క అంకె తప్పున్నా కొట్టకముందే దిద్దించుకోండి. కొట్టాక దిద్దేవాళ్లు ఉండరు.

కాదన్నారంటే నోటిమాటతో తిరిగి రావొద్దు, కారణాలతో రాతపూర్వక ఆర్డర్ అడగండి. చాలాసార్లు మొత్తం కాదనరు, రెండు మూడు చెట్ల దగ్గర ఆగుతారు. ప్లాన్ కొంచెం మార్చి ఆ చెట్లను వదిలి మళ్లీ అర్జీ పెట్టడం అప్పీలుకు పోవడం కంటే తొందరగా తేలుతుంది.

9. కొట్టే రోజు

గూళ్లు చూడండి. అడవి పక్షుల గూళ్లు, గుడ్లు పాడుచేయడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పిల్లలున్న గూడు కనబడితే అవి ఎగిరిపోయేదాకా ఆ ఒక్క చెట్టు ఆపండి.

కరెంటు తీగల దగ్గర చెట్టయితే మహావితరణ్ (కరెంటు కంపెనీ) ఆఫీసులో రాసిచ్చి లైన్ ఆపించాకే మనిషిని ఎక్కించండి. లైన్‌మన్‌కు ఫోన్ చేశాం చాలు అనుకోవద్దు.

కాంట్రాక్టర్‌తో కాగితం రాసుకోండి. ఏ నంబర్లు కొట్టాలి, కలప ఎవరిది, కూలీకి దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు. ఉంచే చెట్లకు తెల్ల గుడ్డ కట్టండి. కలప ఆశకు జాబితాలో లేని పెద్ద చెట్టును "పొరపాటున" కొట్టేవాళ్లున్నారు, కేసు మాత్రం మీ పేరున పడుతుంది. ఆర్డర్ నకలు కొట్టేచోట ఉండాలి. సుత్తి గుర్తున్న మొదళ్లను ఆఫీసువాళ్లు చూసి వెళ్లేదాకా పెకిలించొద్దు.

10. కలప తరలింపు

ప్లాట్‌లోనే వాడుకుంటే బాధ లేదు. రోడ్డెక్కిస్తే వాహతూక్ పర్వానా, అంటే తరలింపు అనుమతి అడుగుతారు. కొట్టే అనుమతి, తరలించే అనుమతి రెండూ వేర్వేరు కాగితాలు. టేకు దుంగలను కొలిచి, గుర్తు వేసి, జాబితా రాశాకే పర్వానా వస్తుంది. కోత మిల్లుకు తీసుకెళ్లడానికి కూడా అది ఉండాలి.

బాసర, మద్నూర్, ఆదిలాబాద్ వైపు సొంతూరికి కలప తీసుకెళ్లాలనుకునేవాళ్లు రాష్ట్రం దాటుతున్నారని గుర్తుంచుకోండి. దేశమంతటికీ ఒకే ఆన్‌లైన్ తరలింపు పాస్ విధానం 2023 డిసెంబర్‌లో మొదలైంది. రేంజ్ ఆఫీసులో దాని గురించి అడిగి, పాస్ చేతికొచ్చాకే బండి కట్టండి. పాస్ మీద రాసిన బండి నంబర్, తేదీ, దారి మారకూడదు.

11. మొక్కలు నాటి, చూపించి, డిపాజిట్ తీసుకోండి

ఆర్డర్‌లో చెప్పిన గడువులోపు నాటండి. జూన్ చివర, జూలైలో నాటితే ఇక్కడి నల్లరేగడిలో బతుకుతాయి. మార్చిలో నాటినవి నీళ్లు పోసేవాళ్లు లేకపోతే పోతాయి. ప్లాట్‌లో చోటు లేకపోతే ఎక్కడ నాటాలో నగర్ పరిషత్‌నే రాతపూర్వకంగా అడగండి. ప్రతి మొక్కకూ ముళ్ల కంప కంచె వేయండి, లేకపోతే మేకలు వదలవు. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫోటోలు తీసి, ఏటా ఒకసారి అదే చోట నిలబడి మళ్లీ తీయండి. చచ్చిన మొక్క స్థానంలో ఆ వానాకాలంలోనే ఇంకోటి పెట్టండి.

డిపాజిట్ దానంతట అది తిరిగి రాదు. ఫోటోలు, రసీదు, ఆర్డర్ నకలు జత చేసి వేరే అర్జీ ఇవ్వాలి. దానికీ పోచ్ తీసుకుని, ఇంటి ప్లాన్ ఉన్న ఫైల్లోనే పెట్టండి.